రోజుకొక గది

చిన్నక్క ఆ ఊళ్ళో బస్సు దిగేసరికి ముసురు పట్టి మూడో రోజు. స్టాండులో ఆమె తప్ప దిగినవాళ్ళు లేరు. కండక్టరు పెట్టె కిందికి అందిస్తూ, "ఈ వానల్లో బీచికేంటమ్మా?" అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "తమ్ముడు పంపించాడు" అంది. ఆ మాట నిజమే.

తల్లి పోయి అప్పటికి ఇరవైమూడు రోజులు. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఆ తల్లి మంచంలోనే ఉంది. ఆ తొమ్మిదేళ్ళూ చూసింది చిన్నక్క ఒక్కతే. పెద్దక్క ఎక్కడో దూరాన అత్తవారింట్లో ఉంది, తమ్ముడికి ఉద్యోగం, పిల్లలు. చిన్నక్క పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా విసిగిపోయి అడగడం మానేసి చాలా ఏళ్ళయింది. నలభై ఆరేళ్ళ మనిషి. ఇంట్లో అందరూ చిన్నక్క అనే పిలుస్తారు, వీధిలోవాళ్ళూ అదే పేరు పట్టుకున్నారు.

అమ్మ పోయిన రోజు ఆమె ఏడవలేదు. తర్వాత కూడా ఏడవలేదు. ముందుగదిలో ఎవరో, "ఎంత గుండె నిబ్బరమో చూడండి" అన్నారు. వంటింట్లో ఇంకెవరో, "అది మనిషి కాదు, రాయి" అన్నారు. రెండు మాటలూ ఆమె చెవిన పడ్డాయి. రెండూ ఎవరో పొరుగింటావిడ గురించి అన్నట్టు అనిపించాయి. అద్దె ఇల్లు ఖాళీ చేశారు. ఆమె ట్రంకుపెట్టె తమ్ముడింట్లో మెట్ల కిందకి చేరింది. తమ్ముడు ఫోన్‌లో ఏవో ఫోటోలు చూసి, పదిహేను రోజులకి ఈ లాడ్జిలో గది తీసుకున్నాడు.

"హాయిగా తిని పడుకో చిన్నక్కా. ఏ పనీ పెట్టుకోకు. సముద్రం చూడు."

"సరే" అంది. ఈమధ్య ఆమె నోటికి ఆ ఒక్క మాటే వస్తోంది.

లాడ్జి బీచికి ఒక వీధి వెనకాల ఉంది. బోర్డుకి టార్పాలిన్ చుట్టి తాడుతో బిగించారు. కౌంటరు వెనక ఒక అరవయ్యేళ్ళావిడ తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని పలక మీద సుద్దముక్కతో గళ్ళు గీస్తోంది. ఒకప్పుడు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసిందట. ఇప్పటికీ అందరూ ఆమెను వార్డెనమ్మ అనే అంటారు. ఆ చూపు చూస్తే ఎవరికైనా ఆలస్యంగా వచ్చామేమో అనిపిస్తుంది.

"ఆఫ్‌సీజన్ రూలు మీ తమ్ముడు చెప్పాడా?"

"లేదండి."

"చెప్పడు. మగాళ్ళు రేటు చూసి ఫోన్ పెట్టేస్తారు." వార్డెనమ్మ పలక ఇటు తిప్పింది. "చూడండమ్మా. ఇక్కడ వాన నాలుగు నెలలు. మూసిపెట్టిన గది వారం తిరిగేసరికి బూజు పడుతుంది. పరుపుకి చెమ్మ ఎక్కిందంటే ఇక ఆ వాసన చచ్చినా పోదు. సీజన్లో వచ్చినవాడు తలుపు తీసి, ముక్కు మూసుకుని, ఎదురు లాడ్జికి పోతాడు. అందుకని వానల్లో వచ్చినవాళ్ళకి సగం రేటే. కానీ ఒక్క గదిలో పాతుకుపోతానంటే కుదరదు. రోజుకొక గది. మధ్యాహ్నం భోంచేశాక మారాలి. ఫ్యాన్ తిరగాలి, లైట్లన్నీ వెలగాలి, కుళాయిలు కాసేపు విప్పాలి. వాన తెరిపిచ్చినప్పుడు కిటికీలు తియ్యాలి. మంచమ్మీద ఒళ్ళు పరిచి పడుకోవాలి. మనిషి ఒంటి వేడి తగిల్తేనే పరుపు బతుకుతుంది. మేడ మీద తొమ్మిది నించి పదహారు మీవి. కింద ఎనిమిదీ టీసీ గారివి."

"సరే" అంది చిన్నక్క.

వార్డెనమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఇన్నేళ్ళలో ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా సరే అన్నది మీరొక్కరే. పోయినేడు ఒకాయన గంటసేపు వాదించాడు, నేనేమన్నా కోడిపెట్టనా పరుపులు పొదగడానికని."

"మరి పొదిగాడా?" అని పక్కనున్న కుర్చీలోంచి గొంతు వినిపించింది.

"పొదిగాడు. గురక మాత్రం మీ కన్నా నయం."

ఆ గొంతు టీసీ గారిది. రైళ్ళలో టికెట్లు చూసి రిటైరైన మనిషి. భార్య పోయాక ఏటా వానాకాలం రెండు నెలలు ఇక్కడికే వస్తాడు. ఎదుటి మనిషిని ముందు అనుమానంగా చూసి, తర్వాత నవ్వడం ఆయన అలవాటు. చిన్నక్కని కూడా అలాగే చూశాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆయనే నవ్వుకున్నాడు.

తొమ్మిదో నంబరు గదిలో మంచం, కుర్చీ, బల్ల, అంచుల్లో మచ్చలు పడ్డ అద్దం ఉన్నాయి. గోడ మీద రంగు ఒకచోట పొక్కి ఊడింది. చిన్నక్క లైట్లు వేసింది, ఫ్యాన్ వేసింది, కుళాయిలు విప్పి నీళ్ళ రంగు తేరేదాకా నిలబడింది. దుప్పటి దులిపి పరిచి, నాలుగు మూలలూ పరుపు కిందకి లాగి బిగించింది. అరచెయ్యి అడ్డంగా నిలువుగా నడిపి, ముడత ఎక్కడైనా ఉందేమో చూసింది. ముడత ఉంటే వీపున పుండు పడుతుంది. చూశాక ఎవరి వీపని ఒక్క క్షణం ఆలోచించింది. ఆలోచన ముందుకి పోలేదు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూచుంది.

పొద్దున్న లేచేసరికి మెడ పట్టేసింది. చెమ్మ గాలి అనుకుంది.

రోజులన్నీ ఒకే తీరుగా గడిచాయి. ఏడింటికి కిందికి దిగితే వార్డెనమ్మ టీ, రొట్టె ఇచ్చేది. మధ్యాహ్నం అన్నం, గుడ్డు కూర. భోజనమయ్యాక పెట్టె పట్టుకుని పక్క గదికి మారడం. పలక మీద వార్డెనమ్మ పాత గడిలో టిక్కు పెట్టి కొత్త గడిలో 'చి' అని రాసేది. కింది గదుల గళ్ళలో 'టీ' అని ఉండేది. రెండు అక్షరాలూ ఒకదాని కింద ఒకటి రోజుకొక గడి ముందుకి జరిగేవి.

"ఇద్దరం ఒకే బండిలో పోతున్నాం చెల్లెమ్మా. మీది అప్పర్ బెర్తు, నాది లోయరు. అంతే తేడా" అన్నాడు టీసీ గారు మూడో రోజు. ఆయనకి మాట్లాడే మనిషి కావాలి. చిన్నక్కకి తనకేం కావాలో తెలియదు కాబట్టి ఆయన వెంట వెళ్ళింది.

బీచి రోడ్డు మీద దుకాణాలన్నిటికీ నీలం పట్టాలు కప్పి ఇటుకలు పెట్టారు. ఐస్‌క్రీము బండి చక్రాలు ఊడదీసి గోడకి ఆనించారు. వంద ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి, గొలుసు వేసి, తాళం పెట్టారు. పిల్లలు తిరిగే రంగుల చక్రంలో గుర్రాలకి గోనెసంచులు తొడిగారు. ఇసుక రోడ్డు మీదికి వచ్చేసింది, ఊడ్చేవాళ్ళు లేరు. ఇసుకలో ఎర్ర జెండా ఒకటి తడిసి కర్రకి అంటుకుపోయి ఉంది. సముద్రం టీ రంగులో ఉంది. వచ్చిన అల ఒడ్డున ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ మళ్ళీ వచ్చి చూసుకుపోతోంది.

"సీజన్లో ఈ రోడ్డు మీద నడవాలంటే వెయిటింగ్ లిస్టు" అన్నాడు టీసీ గారు గొడుగు గాలికి తిరగబడకుండా రెండు చేతులా పట్టుకుని. "ఇప్పుడు చూడండి, మొత్తం బోగీ మనదే. కాళ్ళు చాపుకోవచ్చు. ఎలా ఉంది సముద్రం?"

"బాగుందండి."

"డాక్టరు అడిగినట్టు అడిగానా ఏంటి? అలా చెప్తారేం?"

చిన్నక్క మళ్ళీ సముద్రం వైపు చూసింది. బాగుందో లేదో నిజంగానే వెతుక్కుంది. తిరిగే ఫ్యాన్ వైపు చూస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆ మాట పైకి అనడం మర్యాద కాదనుకుంది.

దారిలో తెరిచి ఉన్నది ఒక్క టీ కొట్టే. అక్కడ కూచున్నాక టీసీ గారి కళ్ళజోడు ముక్కు మీదినుంచి జారి గ్లాసులో పడబోయింది. చిన్నక్క చెయ్యి జాపి తీసుకుంది, కొట్టువాడి దగ్గర చిన్న చాకు అడిగింది. దాని మొనతో రెండువైపులా మరలు బిగించి, చెవి దగ్గర కొనలు వేడి గ్లాసుకి ఆనించి కొద్దిగా వంచి, తుడిచి ఇచ్చింది.

ఆయన పెట్టుకుని తల అటూ ఇటూ ఊపాడు. కదల్లేదు. "ఏం చేసేవారేంటి మీరు?"

"కళ్ళజోళ్ళ షాపులో చేసేదాన్ని. అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించేదాన్ని. పన్నెండేళ్ళు చేశాను."

"మానేశారేం?"

"అమ్మ పడిపోయింది."

"అయ్యో. ఎప్పుడూ?"

"తొమ్మిదేళ్ళయింది" అంది, టైము చెప్పినంత తేలిగ్గా. ఆయన టీకి డబ్బులిచ్చి గొడుగు తెరిచాడు.

నాలుగో రోజు, మంగళవారం, పన్నెండో నంబరులోకి మారి కుళాయి విప్పుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు బాగా నలిగిపోయి ఉంది.

"చిన్నక్కా, మా అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది. మాట కూడా సరిగ్గా రావట్లేదు. ఆదివారం ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకుపొమ్మంటున్నారు."

"అయ్యో" అంది చిన్నక్క.

"మీ మరదలు ఒకటే ఏడుపు. దానికేం చేతకాదు, తెలుసుగా. నాకైతే మంచం దగ్గరికి వెళ్ళాలంటేనే భయమేస్తోంది. నువ్వుంటే మాకు కొండంత ధైర్యం. నీకు అలవాటైన పనే కదా. శనివారం కారు తీసుకుని నేనే వస్తా. మిగతా రోజులు మళ్ళీ ఎప్పుడైనా చూసుకుందువుగాని. సముద్రం ఎక్కడికి పోతుంది?"

కుళాయిలోంచి తుప్పునీళ్ళు పోయి మంచినీళ్ళు వస్తున్నాయి.

"సరే" అంది.

"నాకు తెలుసు చిన్నక్కా. నువ్వు కాదనవని మీ మరదలితో ముందే చెప్పాను."

ఫోన్ పెట్టేశాక కుళాయి కట్టేసింది. తన లోపలికి ఒకసారి చెవి పెట్టి విన్నట్టు విన్నది. కోపం లేదు. బాధా లేదు. వెళ్ళాలనీ లేదు, వద్దనీ లేదు. చీమ కుట్టినట్టయినా లేదు. పక్షవాతం కాబట్టి నీళ్ళ పరుపు కావాలి, అమ్మది మూడో వీధి కంపౌండరుకి ఇచ్చేశారు, అది మళ్ళీ అడగాలి అని మాత్రం తోచింది. తర్వాత దుప్పటి దులిపి పరిచింది.

సాయంత్రం ఆ మాట కింద చెప్తే వార్డెనమ్మ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"అంటే శనివారం వెళ్ళిపోతారా? పదిహేనూ పదహారూ?"

"పదిహేను అవుతుందండి. పదహారు అవదు."

"నేను గది గురించి అడిగానా?" అంది వార్డెనమ్మ. తను అడిగింది గది గురించే. ఆ సంగతి గుర్తొచ్చి ఆవిడ మొహం కాస్త చిన్నబోయింది. "ఎవరికి బాగాలేదు? తమ్ముడి అత్తగారికా? ఆవిడకి కూతురుంది, అల్లుడున్నాడు. మీరేమవుతారు మధ్యలో?"

"నాకు చేతనవునండి ఆ పని."

"నాకు డ్రైవింగు చేతనవును. అలాగని రోడ్డు మీద కనపడ్డ ప్రతి లారీ ఎక్కేస్తానా?"

టీసీ గారు పేపరు మడిచాడు. "ఊరుకోండి వార్డెనమ్మా. ఆవిడ ఇంటి సంగతి."

"ఊరుకున్నాను. ముప్ఫయ్యేళ్ళు హాస్టల్ పిల్లల ఇంటి సంగతుల్లో వేలు పెట్టి, ఇప్పుడే కదా ఊరుకుంటున్నాను."

శుక్రవారం పొద్దున వాన తెరిపిచ్చింది. మేఘాల మధ్య అరచెయ్యంత ఎండ కనపడింది. వార్డెనమ్మ తాళాల గుత్తి ఆడించుకుంటూ మేడెక్కి తొమ్మిదో నంబరు తలుపు తీసింది. చిన్నక్క వరండాలో నిలబడి తువ్వాలు ఆరేస్తోంది. లోపలినుంచి ముందు ముక్కు ఎగబీల్చిన చప్పుడు, తర్వాత పరుపు ఎత్తి వేసిన చప్పుడు వినిపించాయి. పదో నంబరు తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత పదకొండు. ఆవిడ అడుగుల చప్పుడు గదిగదికీ పెరిగింది.

"ఇలా రండమ్మా!"

చిన్నక్క వెళ్ళింది. పదకొండో నంబరులో పరుపు గోడకి నిలబెట్టి ఉంది. దాని అడుగున బూడిద రంగు మచ్చలు కాసుల్లా పాకి ఉన్నాయి. గదినిండా తడిగోనె వాసన.

"ఇదేంటి?"

"బూజండి."

"అది నాకూ కనిపిస్తోంది. ఎలా వచ్చిందీ అని. ఫ్యాన్ వేశారా?"

"వేశానండి."

"కిటికీలు తీశారా? కుళాయిలు?"

"అన్నీ చేశానండి."

"చేశారు, నేను చూశాను. గదులు అద్దంలా ఉన్నాయి. మరి పడుకోలేదా?"

"పడుకున్నానండి."

"ఎక్కడ?"

"ఇక్కడే."

వార్డెనమ్మ చిన్నక్క మొహంలోకి చూసింది. అబద్ధమాడే పిల్లల్ని ముప్ఫయ్యేళ్ళు చూసిన కళ్ళవి. ఈ మొహంలో వాటికి ఏమీ దొరకలేదు. ఆవిడ చిన్నక్క మణికట్టు పట్టుకుని, నిన్న రాత్రి గడిపిన పద్నాలుగో నంబరులోకి తీసుకెళ్ళింది.

మంచం మీద దుప్పటి బిగించినట్టే ఉంది. తలగడ మధ్యలో గుంట లేదు. ఒక్క అంచు దగ్గర మాత్రం, చెయ్యి పెట్టినంత మేర, దుప్పటి నలిగి ఉంది. దానికి ఎదురుగా కుర్చీ మంచాన్ని రాసుకుని ఉంది. కుర్చీ వీపున మడిచిన శాలువా ఉంది.

"రాత్రి ఎక్కడ పడుకున్నారో ఒక్కసారి చూపించండి" అంది వార్డెనమ్మ. ఈసారి గొంతులో కోపం లేదు.

చిన్నక్క కుర్చీలో కూచుంది. కాళ్ళు మంచం పట్టె మీద పెట్టింది. శాలువా కప్పుకుంది. కుడిచెయ్యి చాపి పరుపు అంచు మీద ఆనించింది, అవతలి మనిషి కదిలితే వేళ్ళకి తెలిసేటట్టు. తల పక్కకి వాల్చింది. అలా వాల్చాక గానీ తను చేస్తున్నదేమిటో ఆమెకి కనపడలేదు.

అబద్ధమాడలేదు. తొమ్మిదేళ్ళుగా పడుకోవడమంటే ఆమెకి ఇదే.

"ఆరు రాత్రులూనా?" అంది వార్డెనమ్మ.

"ఆరు రాత్రులూనండి" అంది చిన్నక్క. తన గొంతే తనకి దూరంనుంచి వినిపించింది. "నేను... మంచం ఎవరికోసమో పరిచినట్టు పరుస్తున్నాను. నాకోసమని తెలియలేదండి."

వార్డెనమ్మ మంచం మీద కూలబడి కాసేపు తాళాలు లెక్కపెట్టుకుంది. ఆవిడకి ఓదార్చడం రాదు. హాస్టల్లో ఎవరైనా ఏడిస్తే పని చెప్పేది. ఇక్కడ ఏడ్చే మనిషి కూడా లేదు. అయినా ఆవిడకి తెలిసింది అదే.

"చూడండమ్మా. మీ మూలాన నా పరుపులు ఆరు పాడయ్యాయి. మీరు నాకు ఆరు రాత్రుల నిద్ర బాకీ. పదిహేను తెరిచి ఉంది. వెళ్ళి పడుకోండి."

"ఇప్పుడాండి? పొద్దున్న పదవుతోంది."

"పరుపుకి టైము తెలుస్తుందా?"

పదిహేనో నంబరులో చిన్నక్క మంచం ఎక్కింది. అంచున పడుకుంది. కాసేపటికి మధ్యకి జరిగింది. వీపుకి పరుపు కొత్తగా తగిలింది, కొత్త చెప్పులు కాలికి తగిలినట్టు. చెయ్యి దానంతటదే అంచుకోసం పాకింది. దాన్ని వెనక్కి తీసి పొట్టమీద పెట్టుకుంది. అది మళ్ళీ పోయింది. మళ్ళీ తెచ్చి ఈసారి వీపు కింద పెట్టి బరువు వేసింది. బయట వాన తిరిగి అందుకుంది. చెయ్యి తిమ్మిరెక్కింది, తర్వాత ఆ సంగతి కూడా తెలియలేదు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో వెలుగు ఉంది. అదే పొద్దుననుకుంది. మధ్యాహ్నం భోజనానికి దిగలేదేమోననుకుంది. కిందినుంచి మాటలు వినిపిస్తున్నాయి. అందులో ఒక గొంతు తమ్ముడిది. అంటే ఈరోజు శనివారం. కదలకుండా వింది.

"లేపండి మేడమ్. మేము చీకటిపడేలోగా ఊరు చేరాలి."

"లేపను."

"లేపరా? ఆవిడ మా అక్కండీ!"

"మీకు అక్కే. ఇక్కడ పని మీద ఉన్నారు. పని మధ్యలో లేపడం మా లాడ్జిలో లేదు."

"నిద్రపోతున్నారన్నారుగా ఇందాక?"

"అదే పని."

"ఏంటండీ ఇది, తమాషాగా ఉందా? సార్, మీరైనా చెప్పండి."

"ముందు కూచో నాయనా" అంది టీసీ గారి గొంతు. "కారెక్కడ పెట్టావు? మీ అక్కగారికి తిరుగు టికెట్టు నువ్వే తీశావా, ఆవిడ తియ్యమందా?"

"టికెట్టేంటి సార్? కార్లో వచ్చాను."

"అదేలే. అడిగావా అని."

"అడిగాను. సరే అంది. మా చిన్నక్క ఎప్పుడూ కాదనదు సార్. మీకు తెలీదు, అలాంటి మనిషి ఉండదు. మా అమ్మకి తొమ్మిదేళ్ళు పుండన్నది పడనివ్వలేదు. డాక్టర్లే ఆశ్చర్యపోయారు."

తమ్ముడు ఆ మాట గర్వంగా అన్నాడు. నిజంగానే అన్నాడు. అందులో కపటం లేదు. ఆదివారాలు పళ్ళు పట్టుకుని వచ్చినప్పుడు కూడా ఇలాగే, వచ్చినవాళ్ళందరితో ఇదే మాట అనేవాడు. అని, ఐదింటి బస్సుకి వెళ్ళిపోయేవాడు.

చిన్నక్క లేచి మొహం కడుక్కుని మెట్లు దిగింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. గడ్డం పెరిగింది, కళ్ళ కింద నల్లబడింది. వాణ్ణి చూస్తే జాలి వేయాలి. వేస్తుందేమోనని ఒక మెట్టు మీద ఆగింది కూడా.

"పెట్టె ఏదీ? నేను తెస్తా ఉండు" అన్నాడు.

"నేను రాను తమ్ముడూ."

వార్డెనమ్మ పలక వైపు తల వంచేసుకుంది. టీసీ గారు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. తమ్ముడు నవ్వబోయి ఆగాడు.

"అదేంటి? సరే అన్నావుగా?"

"అన్నాను. తెలియక అన్నాను."

"తెలియకపోవడమేంటి? నామీద కోపమొచ్చిందా? మీ మరదలు ఏమన్నా అందా?"

"ఎవరూ ఏమీ అనలేదు. నాకు కోపం లేదు."

"మరి?"

ఆమె దగ్గర చెప్పడానికి పెద్ద కారణమేదీ లేదు. ఆరు రాత్రులు కుర్చీలో పడుకున్నానని చెప్తే వీడికి అర్థం కాదు. తనకే నిన్నటిదాకా తెలియదు. "రాను" అని మళ్ళీ అంది. ఆ మాట మొదటిసారి కన్నా రెండోసారి సులువుగా వచ్చింది.

"పోనీ రెండు రోజులు చిన్నక్కా. రెండే రోజులు. వచ్చి ఎలా చెయ్యాలో చూపించి వచ్చెయ్. నేనే తెచ్చి దింపుతా."

"అమ్మ దగ్గరికీ రెండు రోజులనే వెళ్ళాను."

తమ్ముడు "నేనేమన్నా ఉండమన్నానా అప్పుడు? నువ్వే ఉన్నావు" అన్నాడు.

"అవును. నేనే ఉన్నాను. ఇప్పుడు ఉండను."

ఆమె దెప్పలేదు. దెప్పినట్టుంటే అతనికి పోట్లాడే వీలుండేది. అతను కుర్చీలో కూచుని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు రెండుసార్లు కదిలాయి. చిన్నప్పుడు వాడు అలా కూచుంటే దగ్గరికి వెళ్ళి తల నిమిరేది. ఇప్పుడు వెళ్ళలేదు. నిలబడి ఉంది.

"మరి ఎవరు చూస్తారు ఆవిణ్ణి? చెప్పు. ఎవరు?"

"మీరిద్దరూ. ఫోన్ తియ్, రాసుకో."

అతను తల ఎత్తాడు.

"రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఎడమకి, వెల్లకిలా, కుడికి. పడిపోయిన వైపు భుజం పట్టుకుని లాగొద్దు, జారిపోతుంది. మోకాళ్ళ మధ్య దిండు పెట్టండి. మడమలు పరుపుకి తగలకూడదు, పిక్కల కింద మెత్తది పెట్టి ఎత్తాలి. దుప్పటికి ముడత ఉండకూడదు. నీళ్ళ పరుపు మూడో వీధి కంపౌండరు దగ్గరుంది, అడిగి తెచ్చుకో. రాస్తున్నావా?"

"నువ్వు మెల్లిగా చెప్పు" అన్నాడు. "భుజం... లాగొద్దు... మడమలు..."

అరగంట చెప్పింది. తొమ్మిదేళ్ళు పట్టి నేర్చుకున్నది అరగంటలో అయిపోయింది. వార్డెనమ్మ మధ్యలో టీ తెచ్చి పెట్టింది. అతను తాగలేదు. లేచేటప్పుడు ఇంకోసారి అక్క మొహం వైపు చూశాడు, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని.

"మరి ఈ గది ఇంకో వారమే కదా. తర్వాత ఎక్కడుంటావు? ఇవాళ ఎక్కడుంటావు?"

"ఇవాళ పదహారు" అంది.

"రేపు?"

"మళ్ళీ తొమ్మిది."

అతనికి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఆమెకి లేదు. కారు బురదలో రెండుసార్లు జారి వీధి మలుపు తిరిగింది. చిన్నక్క గుమ్మంలో నిలబడి, తప్పు చేశానన్న భావం వస్తుందేమోనని చూసింది. రాలేదు. గెలిచానని కూడా అనిపించలేదు. చినుకు చేతిమీద పడితే చల్లగా ఉంది, అంతే.

"ఏడుపు రావట్లేదా చెల్లెమ్మా?" అన్నాడు టీసీ గారు వెనకనుంచి.

"లేదండి."

"తొందరేముంది. లేటుగా వచ్చే బళ్ళు చాలా చూశాను నేను."

"ఆపండి మీ బళ్ళ గోల" అంది వార్డెనమ్మ. "మీరు అన్నానికి రండమ్మా. నిన్న పొద్దుటి రొట్టె తర్వాత ఏమీ తినలేదు. పరుపు సంగతి సరే, మీరు చచ్చి ఊరుకుంటే నాకు పోలీసుల గోల."

సోమవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. చిన్నక్క పదో నంబరులో, ఎండకి పెట్టి తెచ్చిన పరుపు మీద కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది.

"చిన్నక్కా." తమ్ముడి గొంతు వెనకాల గిన్నెల చప్పుడు, మరదలు ఎవరినో బతిమాలుతున్న మాటలు. "ఆవిడ నీళ్ళు మింగట్లేదు. తాగిస్తుంటే పొలమారిపోతోంది. నిన్నట్నుంచీ ఇదే. మీ మరదలు భయపడి చస్తోంది. నువ్వు ఒక్కసారి..."

"పడుకోబెట్టి తాగిస్తున్నారా?"

"కొంచెం ఎత్తుగానే..."

"కొంచెం కాదు. పూర్తిగా లేపి కూచోబెట్టండి. వీపుకి రెండు దిళ్ళు వెయ్యి. తల వెనక్కి వాలకూడదు, గడ్డం గుండె వైపు వంచి ఉండాలి. బాగున్న వైపు నోట్లో పొయ్యాలి."

"పోస్తే బయటికొచ్చేస్తోంది. నువ్వుంటే ఇదంతా... ఒక్క రోజు చిన్నక్కా. నేను ఇప్పుడే బయల్దేరి..."

"చెంచా పెద్దది వాడుతున్నారు" అంది చిన్నక్క. "చిన్నది తీసుకో."

అటువైపు సొరుగు లాగిన చప్పుడు, చెంచాలు కదిలిన చప్పుడు వినిపించాయి.

"తీసుకున్నాను."

"సగమే నింపు. ఒకటి పోసి ఆగు. గొంతు కదిలిందో లేదో చూడు. కదిలాక రెండోది. అప్పటికీ పొలమారితే ఇక నోటితో ఇవ్వకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."

"ఫోన్ పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు."

"ఉన్నాను. పొయ్యి."

చిన్నక్క ఫోన్ చెవి దగ్గర దిండు మీద పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూస్తూ వింటోంది.

"కదిలింది" అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడు రెండోది" అంది.